మొరగని కుక్క

ముసిల్ది మళ్ళీ దారికి అడ్డంగా కూర్చుంది.

"లెగవే! పొద్దెక్కిపోతన్నాది," అంది ధనలక్ష్మి చంకలో బుట్ట సర్దుకుంటూ.

కుక్క లేవలేదు. ఉన్న ఒకటిన్నర చెవులూ రిక్కించి జీడితోట వైపే చూస్తోంది. మొరగనూ లేదు.

కర్రతో పొడిచింది. కదల్లేదు. చాలాసేపటికి దానంతటదే లేచి, ఇక పద అన్నట్టు ముందు నడిచింది.

పది రోజులుగా ఇదే తంతు. తెల్లారేసరికి తోటలో ఉండాల్సిన మనిషి పొద్దెక్కాక చేరుతోంది. అప్పటికే ఎలుగుబంటి వచ్చి, రాలిన జీడిపళ్ళు నమిలి, జీడిపిక్కలు తొక్కి పోయి ఉంటోంది. దాని అడుగులు ఇంకా పచ్చిగానే కనిపిస్తున్నాయి.

ధనలక్ష్మికి ఏడుపొచ్చింది.

నిరుడు ఇదే తోటలో ఎలుగు ఆమె మొగుడు పోతురాజు మీద పడింది. ఒక కన్నూ కుడిచెయ్యీ తీసుకుపోయింది. అప్పట్నుంచీ అతను మంచానికే అతుక్కుపోయాడు. కూలికి పిలిస్తే ఉద్దానం ఊళ్ళల్లో ఒక్క మనిషి ఆ తోటలో అడుగు పెట్టడు. ఏడాది తిండి ఈ నెలన్నరలో ఏరుకునే పిక్కల మీదే ఉంది. వెళితే ఎలుగు, వెళ్ళకపోతే పస్తు.

అందుకే పది రోజుల కిందట శ్రీకాకుళం పోయి, అరసవల్లి దారిలో ఉన్న కుక్కల ఆశ్రమం గుమ్మం ఎక్కింది.

"కుక్కపిల్ల పెరిగేసరికి పంట అయిపోద్ది బాబూ. పెరిగిన కుక్క కావాల. గట్టిగా మొరగాల."

ఆశ్రమం చూసుకునే జగన్నాధం ఆమెను ఓ మూలకు తీసుకెళ్ళాడు. అక్కడ మూతి నెరిసిన కుక్క ఒకటి పడుకుని ఉంది. ఒక చెవి సగమే ఉంది.

"ఇదేటి బాబూ, కాటికి కాళ్ళు సాపుకుని ఉన్నాది!"

"పదేళ్ళు దాటాయి తల్లీ. జీడితోటలో పెరిగింది. ఏడేళ్ళ నుంచీ ఎవులూ తీసుకెళ్ళలేదు. కుర్ర కుక్కకి అన్నీ మనం నేర్పాల. దీనికి అక్కర్లేదు. ఇదే నీకు నేర్పుతాది."

"మొరుగుతాదా?"

జగన్నాధం తల దించుకున్నాడు.

"నా కాడికొచ్చాక మొరగలేదు."

ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు.

మిగిలినవన్నీ కళ్ళు తెరవని పిల్లలూ, కాళ్ళు విరిగినవీను. గతిలేక దీన్నే కండక్టర్ని బతిమాలి బస్సులో ఎక్కించుకొచ్చింది.

పదో రోజు సాయంత్రం పక్కింటి దుర్గ ముక్కున వేలేసుకుంది.

"ఒలే, నీ కుక్క మూగనోము పట్టిందేటి? మొరగని కుక్కకి కూడెట్టడం దండగ. రేపు మా రాజాని తోలుకెళ్ళు. దాని గొంతు వింటే ఎలుగ్గొడ్డు ఒడిశా దాటి పారిపోతాది."

నిజమే అనిపించింది ధనలక్ష్మికి. మర్నాడు చీకటి విడీ విడకముందే ముసిల్దాన్ని మంచం కోడుకి కట్టేసింది.

"ఎందుకే కడతన్నావు? పాపం, ఎలగ సూస్తన్నాదో సూడు," అన్నాడు పోతురాజు.

"దాని సూపుతో కడుపు నిండదు గానీ, నువ్వు తొంగో."

రాజా కుర్ర కుక్క. దారికి అడ్డం కూర్చోలేదు, తోటలోకి ఉరికింది. పొద చాటున ఏదో కదిలిందో లేదో, తోట అదిరేలా మొరుగుతూ లోపలికి దూకింది.

హమ్మయ్య అనుకుంది ధనలక్ష్మి. కుక్కంటే ఇదీ!

ఆ ధైర్యం నిమిషం నిలవలేదు. మొరుగుడు కాస్తా కుయ్యోమొర్రోలోకి దిగింది. రాజా తోక ముడిచి, తిన్నగా ఆమె కాళ్ళ దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. దాని వెనకే ఎలుగుబంటి.

"ఓలమ్మో!"

రాజా ఆమెను దాటి ఊళ్ళోకి పారిపోయింది. ధనలక్ష్మి వేరు తట్టుకుని పడింది. నిరుడు ఆస్పత్రిలో కట్టు విప్పినప్పటి పోతురాజు ముఖం కళ్ళ ముందు మెదిలింది. తాను పోతే అతనికి ముద్ద పెట్టేవాళ్ళెవరు?

అప్పుడు వినిపించింది, ఆమె ఏనాడూ వినని బొంగురు గొంతు ఒకటి.

ముసిల్ది. మెడలో కొరికి తెంచుకున్న తాడు వేలాడుతోంది. ఎలుగు మూతి దాకా వచ్చి మొరిగింది. మొరుగుతూ ఆమె వైపు రాలేదు. ఆమెకు దూరంగా, మొగలి డొంకల వైపు పరిగెత్తింది. ఎలుగు తల తిప్పి దాని వెంట పడింది.

మొరుగుడు చాలా దూరం దాకా వినిపించింది. ఆ తర్వాత ఆగిపోయింది.

మధ్యాహ్నం ఊరివాళ్ళు డప్పులు కొట్టుకుంటూ వెళ్ళి ముసిల్దాన్ని మోసుకొచ్చారు. ధనలక్ష్మి పోతురాజు తుండుగుడ్డలో చుట్టి, రోజూ అది అడ్డంగా కూర్చునే చోటే గొయ్యి తీయించింది. అక్కడ నిలబడ్డాక గాని ఆమెకు తెలియలేదు. అది ఆపిన పది రోజులూ తోటలో ఎలుగు అడుగులే కనిపించాయి, ఎలుగు కనపడలేదు.

జగన్నాధానికి ఫోన్ చేసింది.

"బాబూ, నీ కుక్క మొరిగింది," అని వెక్కి వెక్కి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"నీ కాడ ఒక మాట దాసీసినాను తల్లీ. యజమానిని మింగిన కుక్క అంటే అరిష్టమని ఎవులూ గుమ్మం తొక్కనివ్వరు. అందుకే సెప్పలేదు."

"యజమానిని మింగడమేటి బాబూ?"

"ఏడేళ్ళ కిందట అదీ మీ రాజాలాంటి కుర్రదే. ఎలుగ్గొడ్డుని మొరిగి రేపి, బయమేసి తన మడిసి కాళ్ళ కాడికే లాక్కొచ్చింది. ఆ మడిసి బతకలేదు. ఆ పొద్దు మూసుకున్న నోరు తల్లీ, మళ్ళీ ఈ పొద్దే ఇప్పింది."