తాళం మాత్రం వెయ్యకు

“చెరకుపిప్పిని గుంపులకెళ్లి తీసేస్తవా, మమ్ములనే పొమ్మంటవా?”

పొద్దున గుంపు తెరవగానే మరియంకు ఎదురైన మొదటి పోస్టు అది. దాని కింద అందరూ అదే పాట. తీసెయ్యాల్సిందే.

మంచాన పడ్డవాళ్లకు సేవ చేసేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఆ గుంపు పెట్టింది మరియమే. నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల వాళ్లే ఎక్కువ. అసలు పేరు ఎవరూ చెప్పకూడదన్నది మొదటి నియమం. ఇంటి గుట్టు వీధిన పడకూడదు కదా. అందుకే ఏర్గట్ల రైతు ‘పసుపుకొమ్ము’ అయ్యాడు. మరియం ‘గోరింట’ అయింది. కొత్తగా చేరిన ఒకామె ‘చెరకుపిప్పి’ అని పెట్టుకుంది. రసమంతా పిండేసి పారేసిన బతుకు తనదని చెప్పుకుంది.

మిగతావాళ్లు కష్టం చెప్పుకుని ఏడ్చేవారు. ఈమె తిట్టేది.

“మా అత్తకు నోటి మాట పోయింది గానీ గుడ్లు తిప్పుడు పోలే. నా పానం తీసినంకనే పోతది.”

“ఇయ్యాల గంజి నోట్లకెళ్లి కక్కింది. గిన్నె ఎత్తేసిన. ఇగ ఉపాసముండనీ.”

ఇలా రాస్తే ఊరుకుంటారా? గుంపంతా ఒంటికాలి మీద లేచింది. ఒక్కొక్కరే ఆమె పోస్టులు తమకు కనబడకుండా నొక్కేసుకున్నారు. పాపం, ఆ సంగతి ఆమెకు తెలియదు. గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకుంటూనే ఉంది.

మరియం మాత్రం ఒక్కటీ వదలకుండా చదివేది. ఆ తిట్లు ఆమెకు కొత్త కాదు. ఇంటిపెద్ద మొయినుద్దీన్‌కు పక్షవాతం వస్తే ఏళ్ల తరబడి ఎత్తి దించింది ఆమే. లోలోపల ఇంతకన్నా ఎక్కువే తిట్టుకుంది. ఆయన కన్నుమూశాక కాస్త ఊపిరి పీల్చుకుందో లేదో, ఆ మంచం మళ్లీ నిండింది. అప్పటి నుంచి మరియం గడప దాటింది లేదు.

ఇంటికి మగదిక్కు అజర్ ఒక్కడే. అతను బట్టల దుకాణానికి వెళ్లిపోతే పగలంతా ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్లే. ఒకరికి మంచం, ఒకరికి చాకిరీ. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గది ఇద్దరినీ కలిపి మింగేసింది.

పొద్దున్నే దిండు పక్కన ఫోనులో ఖురాన్ పారాయణం పెట్టడం ఆ ఇంటి అలవాటు. రోగి చెవిన పడితే మంచిదని. అది వినిపిస్తుండగానే మరియం అదే ఫోనులో గుంపు చూసుకునేది. ఈ మధ్య ఆమె టైపింగు మరీ నత్తనడక. “గోరింటక్క జవాబు రాసేసరికి అన్నం ఉడికి దిగుతది,” అని పసుపుకొమ్ము ఆటపట్టించేవాడు.

ఆ రోజు అతనికీ ఆటలు లేవు.

“అక్కా, నిన్న ఆమె ఏం రాసిందో సూసినవా? గది సదివినంకనే నేను కనబడకుండ జేసుకున్న. గసుంటి మనిషి గుంపుల ఉండొద్దు.”

మరియం పాత పోస్టుల్లో వెనక్కి వెళ్లి వెతికింది. దొరికింది.

“ఇగ నాతోని కాదు. ఆయన సరుకు కోసం నాందేడ్ పోయిండు, ఎల్లుండి దాక రాడు. అత్తను లోపటుంచి తాళమేసి రేపు మధ్యాహ్నం బస్సుకు బోధన్ల మా అమ్మ దగ్గరికి పోత. ఏమైతే అదైతది.”

మరియంకు భయం వేసింది. ఊరికే కాదు, ప్రాణభయం లాంటి భయం.

ఒక్క నొక్కు నొక్కితే చెరకుపిప్పి గుంపులో ఉండదు. తర్వాత ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? వినేవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆ తాళం పడి తీరుతుంది. తనెవరో చెప్పేద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. చెబితే ఆ పిల్ల ఇంకెప్పుడూ నోరు విప్పదు. ఆ నియమం ఊరికే పెట్టుకోలేదు.

ఒక్కో అక్షరమే కూడబలుక్కుని గుంపులో రాసింది.

“ఆమెను తియ్య. వద్దనుకుంటే మీరు చూడకుండ్రి. నాకు మాత్రం ఆమె మాటలు కావాలె.”

“నీ ఇష్టం అక్కా. ఆ ఇంట్ల పీనుగ లేస్తే పాపం నీదే,” అన్నాడు పసుపుకొమ్ము.

మరియం చెరకుపిప్పికి రాయడం మొదలుపెట్టింది.

“చెల్లె, బస్సెక్కు. నాలుగు దినాలు అమ్మ దగ్గర కంటినిండ నిద్రపో. నిన్ను తిట్టెటోళ్లు వచ్చి నీ చాకిరి చెయ్యరు. తాళం మాత్రం వెయ్యకు. పక్కింటామెకు అప్పజెప్పు. పనిచేసే చెయ్యికి అందేటట్టు నీళ్లు పెట్టు.”

చాలాసేపటికి జవాబు వచ్చింది.

“ఇన్ని దినాలల్ల నన్ను పొమ్మన్నది నువ్వొక్కదానివే అక్కా. నువ్వు గూడ నా తీరుగనే గోస పడ్డవా?”

“పడ్డ. ఇప్పటికీ గీ గదిలనే ఉన్న.”

తర్వాత అటునుంచి ఒక్క అక్షరం లేదు. పారాయణం ఎప్పుడో అయిపోయింది. బస్సు వేళ దగ్గరపడుతోంది.

తలుపు చప్పుడైంది. మరియం ఫోనును దిండు పక్కకు జారవిడిచింది.

బురఖా వేసుకుని లోపలికి వచ్చిన కోడలు కనీజ్, నీళ్ల గ్లాసును మంచంలో ఉన్న మరియం ఎడమ చేతికి అందేలా జరిపి, చేతిలోని తాళాన్ని మేకుకు తగిలించి, పక్కింటామెను పిలవడానికి వెళ్లింది.