కారు దాహం

డీజిలు ముల్లు అడుగుకు దిగింది. అది చూసి మావయ్య కారు వేగం పెంచాడు.

"ఎందుకు మావయ్యా అంత స్పీడు?" అంది పక్కనున్న మేనకోడలు.

"డీజిలు అయిపోయేలోగా చేరుకోవాలి కదే."

వెనక సీట్లో ఉన్న పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. స్కూటరు పంక్చరై రోడ్డు పక్కన నిలబడితే ఇందాకే ఎక్కించుకున్నారు.

అమ్మాయి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇవాళ్టిదీ పోతే చదువు మాన్పించేస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి బాబూ," అన్నాడు పెద్దాయన.

మావయ్యకు చిర్రెత్తుకొచ్చింది. కారును నత్తనడక నడిపించాడు. "చాలా?"

"మరీ నెమ్మదైనా తాగేస్తుంది. కిలోమీటరుకు ఎంత తాగుతోందో ఆ మీటర్లో చూడమ్మా. మీరు కొంచెం కొంచెంగా పెంచండి బాబూ."

"తగ్గుతోందండీ," అంది అమ్మాయి. "ఇంకా తగ్గింది... ఇప్పుడు కాస్తే తగ్గింది... ఆగిపోయింది. అయ్యో, మళ్లీ పెరుగుతోంది."

"ఆ ఆగిన చోటే ఉంచండి."

అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "తగ్గితే మైనస్, పెరిగితే ప్లస్, మధ్యలో సున్నా. డెరివేటివ్ అంటే ఇదా? ఏడాదంతా బట్టీ పట్టి చచ్చానండీ."

"వేగం కాస్త మారిస్తే ఖర్చు ఎటు మారుతుందో చెబుతుంది. అంతేనమ్మా."

పెట్రోలు బంకు వచ్చింది. బండ్ల వరస రోడ్డు దాకా ఉంది. పెద్దాయన దిగాడు. మావయ్య స్టీరింగు బంకు వైపు తిప్పబోయాడు.

"ఇప్పుడు ఈ వరసలో నిలబడితే పాపకు పరీక్ష పోతుంది. అదే వేగంతో పోండి, చేరతారు."

మావయ్య గొణుక్కుంటూ కదిలాడు. "లిఫ్టు ఇచ్చినందుకు ఉచిత సలహాలు. కారు ఆగితే ఆయనొచ్చి తోస్తాడా?"

కారు ఆగలేదు. అమ్మాయి పరీక్ష రాసి ఎగురుకుంటూ బయటికొచ్చింది. ఈలోపు మావయ్య కాలేజీ ఎదురుగా ఉన్న బంకులో ట్యాంకు నిండా కొట్టించుకున్నాడు.

తిరుగుదారిలో, పెద్దాయన గురించి అడగాల్సిందేనని అమ్మాయి పట్టుబట్టి ఆయన దిగిన బంకు దగ్గర కారు ఆపించింది.

"పొద్దున మా కార్లో వచ్చి ఇక్కడ దిగిన పెద్దాయన ఎక్కడుంటారండీ?"

డీజిలు కొట్టే మనిషి అద్దాల గది వైపు చూపించాడు.

మావయ్య నవ్వాడు. "డీజిలు ఆదా చేయమని ఊరందరికీ చెబుతూ తిరిగితే ఆయనకు గిట్టుబాటయ్యేదేంటో."

"అదే మాకూ అర్థం కాదండీ," అన్నాడు ఆ మనిషి. "ఈ బంకు ఆయనదే మరి."