సున్నా వచ్చిన పెరడు

గుజరాత్ భూకంపం తర్వాత మేడ కట్టాలంటే మట్టి పరీక్ష తప్పదన్నారు.

ఇంజినీరు మా పెరట్లో ఇనుప గొట్టం నిలబెట్టాడు. ఎన్ని ఎక్కువ సుత్తి దెబ్బలకి దిగితే నేల అంత గట్టిదట. దెబ్బ పడకముందే గొట్టం దిగిపోయింది.

"సున్నా అండి. మరీ మెత్తటి రకం. మేడ వద్దండి."

"మూడు పంటలు పండే నేలకి సున్నా ఏంటండీ!" అత్తగారు పూతరేకులు పెట్టారు. "కనీసం పాసు మార్కులైనా వెయ్యండి బాబూ."

ఆయన రెండు తిని, సున్నాయే రాశాడు.

"మేడ కట్టి మిమ్మల్నిద్దర్నీ ఇక్కడే ఉంచుకుందామనుకున్నానే," అత్తగారు కళ్లొత్తుకున్నారు. "ఇంకేముంది, రాజమండ్రిలో ఉద్యోగం చేసే మావాడి దగ్గరికెళ్లి కాపురం పెట్టుకో."

నేను తల వంచుకున్నాను.

గొట్టం ఎక్కడ దింపమంటారని పొద్దున ఇంజినీరు అడిగితే, మాట్లాడడానికి సిగ్గేసి వేలితో చూపించాను. ఏడాదిగా ఊక, బూడిద పోసి నేనే పూడ్చిన బాతుల గుంటని.