మొండివి

చివరి రోజు నా భార్య స్తుతి దుప్పటి తన్నేసి చల్లటి గచ్చు మీద పడుకుంది. దమ్మపేటలో ఆ జనవరి చలికి నా పళ్లు కొట్టుకుంటున్నాయి. మూడుసార్లు మంచం మీదికి ఎత్తాను. మూడుసార్లూ దిగింది.

“మొండిదానివి. గట్లనే చావు,” అన్నాను.

“నాకేం చలి పెడ్తలేదు. గంత చలైతే నువ్వే కప్పుకో,” అంది.

సాయంత్రానికి పోయింది.

సమాధి దగ్గర బామ్మర్ది జయరాజ్ నా చొక్కా పట్టుకున్నాడు. “పార్కిన్సన్స్ మనిషిని నేల మీద పండబెట్టినవ్. ఈగల మీదున్న సోయి మా అక్క మీద లేకపాయె గదా, సారూ.”

నేను జువాలజీ చెబుతాను. ఆ జబ్బుతో స్తుతి మెదడులో తగ్గిన డోపమైన్ అనే రసాయనమే తక్కువగా ఉన్న పండు ఈగలను కాలేజీ ల్యాబులో పెంచుతున్నాను. వెచ్చటి చోటుకు దారి ఉన్నా అవి చల్లటి వైపే ఉండిపోతాయి. విద్యార్థులు నవ్వాలని వాటి సీసా మీద ‘మొండివి’ అని రాసింది నేనే.

రేపు పొద్దున్నే వెళ్లి ఆ మాట చెరిపేస్తాను.