రైలు డ్రైవర్ పెళ్లాం

"ఆపు ఇగ! గా పుస్తకం అవతల పారెయ్. యాష్టకొస్తుంది" అని కసిరాడు కిషన్.

బొగ్గుబాయిలో పెళ్ల ఎగిరి తగిలి, రెండు కళ్లకూ కట్టుతో గోదావరిఖని క్వార్టర్‌లో మంచం మీద పడున్నాడు. పొద్దు గడవక, తోటి కార్మికుడు జగదీశ్వర్ దగ్గర్నుంచి ఓ నవల తెప్పించుకున్నాడు. రోజూ భార్య శోభ చదువుతుంటే వింటున్నాడు. మొదట్లో ఎంత బాగుండేది! దొంగలు, పోలీసులు, ఉరుకుడే ఉరుకుడు. ఈమధ్య ఏం రోగమొచ్చిందో, కథంతా ఒక రైలు డ్రైవర్ పెళ్లాం చుట్టే తిరుగుతోంది. రాసినవాణ్ని పట్టుకుని రెండు తగిలించాలన్నంత ఒళ్లుమంటగా ఉంది కిషన్‌కు.

"ఇంకొంచెమే ఉన్నది. జర ఇనరాదు" అని బతిమాలింది శోభ.

"ఏమున్నది ఇననీకి? మొగడు నైట్ డ్యూటీ దిగి పగలు పండుకుంటడు. గాజుల చప్పుడు కావద్దు, కుక్కర్ కూత రావద్దు. గదొక బాధనా? మనింట్ల నేను పండుకుంటె చీమ గూడ కదలది. నువ్వెన్నడన్న ఏడ్చినవా?"

శోభ గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"తండ్రి పోయాడని పొద్దున్నే ఫోనొచ్చింది. భర్తను లేపితే తిడతాడని, నోట్లో కొంగు కుక్కుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అతను లేచాక, కబురు ఇప్పుడే వచ్చిందని చెప్పింది. వాళ్లు వెళ్లేసరికి దహనం అయిపోయింది, చివరిచూపుకు తండ్రి మొహం కూడా మిగల్లేదు..."

"లేపకపోవుడు ఆమె తప్పు! మొగడేం జేస్తడు?"

"ఈరోజు సంచి సర్దుకుని గడపలో నిలబడింది. 'నీకు శానా గోసైంది' అని భర్త ఒక్క మాటంటే చాలు, ఆగిపోతుంది..." శోభ చదవడం ఆపింది. "ఏమంటవు? అంటడా?"

"ఎందుకంటడు? పోతె పోనీ, పీడ పాయె! నాకీ నవల వద్దే వద్దు. సగంల్నే ఇడిసిపెడుతున్న, పో!"

శోభ లేచింది. వంటింట్లోకి వెళ్లి "అత్తమ్మా, ఆయనకు టైముకు అన్నం పెట్టు" అని చెప్పింది. వీధి తలుపు చప్పుడైంది. హమ్మయ్య అనుకుని కిషన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కునుకు పడుతుండగా జగదీశ్వర్ వచ్చాడు. "ఏందన్నా, వదినె సంచి వట్టుకొని బస్టాండు దిక్కు పోతున్నది? పిలిస్తె ఎనుకకు గూడ సూడలేదు."

"అంగడికి పోయుంటది తీ. ముందుగాల నీ నవల నువ్వు తీస్కపో. సగంల్నే ఇడిసిన."

"నవలనా?" అని వింతగా చూశాడు జగదీశ్వర్. "గది వదినె పోయిన వారమే నాకు వాపసిచ్చింది గదనే! సగం సదివినంక మనసు పట్టలేదన్నది."