వణికే చేతులు

రేవులో పనివాళ్ల చెవుల్లో మాటయంత్రాలు వచ్చి పదేళ్లయింది. ఎవరేమన్నా అవి మెత్తగా మార్చి వినిపిస్తాయి. గొడవలు లేవు.

క్రేన్ నడిపే వీర్రాజు చేతులు వణుకుతున్నాయని, అతని దగ్గరే పని నేర్చుకున్న నూకరత్నం వరుసగా మూడు రోజులు చెప్పింది. "కాస్త విశ్రాంతి తీసుకోండి" అనే అతనికి వినబడింది.

నాలుగోరోజు భోజనాల దగ్గర ఆమె తన యంత్రం తీసేసి, అతన్నీ తీయమంది.

"బాబాయ్, నీ చేతులు వణికిపోతన్నాయి. కింద మనుషులుంటారు. నాకు బయమేత్తంది."

వీర్రాజు ముఖం మాడిపోయింది. చాలాసేపు అన్నం కెలికాడు. తర్వాత చెయ్యి కడుక్కుని క్రేన్ తాళం ఆమెకిచ్చాడు.

"రేపు ఆసుపత్రికెళ్తాను. ఇయ్యాల నువ్వెక్కమ్మా."

ఆ మధ్యాహ్నం ఆమె మొదటి పెట్టె దించుతుంటే, కింద నిలబడి మనుషుల్ని పక్కకు జరిపింది అతనే.