తిట్టు పడని రోజు

“నీ దుంప తెగ. దొంగచాటుగా కాదురా సచ్చినోడా, ఎదర నిలబడి కొట్టు.”

బంగార్రాజుకు ముందు ఆ గొంతే వినిపించింది. మనిషి కనిపించలేదు.

పెనుగులాటలో ముసుగు పక్కకు జరిగి, కళ్ళ మీద ఉండాల్సిన కన్నాలు చెంపల మీదకు చేరాయి. సర్దుకుని చూస్తే, గోదా ముందు మొదటి వరుసలో ఒక ముసలమ్మ నేత చీర కొంగు బిగించి, విసనకర్రను కత్తిలా దూసి నిలబడి ఉంది.

అంతవరకు డేరా అంతా నవ్వుతోంది. ఆ నవ్వే అతణ్ణి భయపెట్టింది.

భీమవరంలో ఇంటింటికీ కేబుల్ తీగ పాకుతున్న రోజులవి. టీవీలో కొండల్లాంటి దొరలు ఇనప కుర్చీలతో బాదుకోవడం చూసిన కళ్ళకు ఈ ఎగ్జిబిషన్ కుస్తీ బొమ్మలాటలా తోచింది. ఈ ఊళ్ళో కూడా జనం రాకపోతే డేరా అమ్మేస్తానని యజమాని అచ్చిబాబు గారు ముందే తేల్చి చెప్పారు.

బంగార్రాజుది దుర్మార్గుడి వేషం. పోస్టరు మీద పేరు ‘ముసుగు వీరభద్రం’. ఆ ముసుగూ ఆ పేరూ అతడికంటే ముందు నుంచీ డేరాలో ఉన్నవే. రోజూ మోసం చేయాలి, రోజూ ఓడిపోవాలి. వీరుడు చప్పట్లతో బతుకుతాడు, దుర్మార్గుడు తిట్లతో బతుకుతాడు. నవ్వితే ఇద్దరూ పోతారు.

ముసలమ్మ తిట్టింది. ఆమె పక్కనున్నావిడ అందుకుంది. వెనకనుంచి ఐసు ఫ్యాక్టరీ కూలీలు లేచారు. చూస్తుండగానే కాలేజీ కుర్రాళ్ళ నవ్వు కోపంలోకి తిరిగింది. వీరుడి వేషం వేసే అశోక్ అతణ్ణి గాలిలోకి లేపి పలకల మీద విసిరినప్పుడు, డేరా గుడ్డ ఎగిరిపోతుందేమో అన్నంతగా ఈలలు లేచాయి.

ఆమె మర్నాడూ వచ్చింది. ఆ తరువాతా వచ్చింది. రిక్షా దిగడం, టిక్కెట్టు కొనుక్కోవడం, అదే కుర్చీలో కూర్చోవడం.

ఆ తిట్లకు ఒక లయ ఉండేది. అలసిన బంగార్రాజు గోదా చుట్టూ కట్టిన తాడు పట్టుకుని ఊపిరి తీసుకునే చోట అందుకునేది. అతడు తేరుకోగానే ఆపేది. అశోక్ కళ్ళలో కొట్టడానికి అతడు మొలలోంచి ఇసుక తీయబోతే, “వాడి మొల చూడవయ్యా రెఫరీ” అని అరిచేది. జనం కళ్ళన్నీ అటు తిరిగేవి. ఆమె అరిచేదాకా ఆగి, అరిచాకే కొట్టడం అతడు నేర్చుకున్నాడు. ఒకనాడు తాళ్ళ మీదుగా వంగి ఆమెకు వెటకారంగా దణ్ణం పెట్టాడు. విసనకర్ర వచ్చి ముసుగుకు తగిలింది. ఆ తరువాత ఆ తిట్లు వినడానికే పక్క ఊళ్ళ నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు.

పాపం, ఇదంతా నిజమని నమ్ముతోంది అనుకునేవాడు. జాలి కలిగేది. ఆఖరి రోజున ముసుగు తీసి, ఆమె కాళ్ళకు మొక్కి, అశోక్ తనకు తమ్ముడిలాంటివాడని, పడేసే ప్రతిసారీ తన మెడ కింద చెయ్యి వేసే పడేస్తాడని చెప్పాలనుకున్నాడు.

ఆఖరి రోజున ఆమె రాలేదు.

డేరా నిండా జనం. బంగార్రాజు తాడు పట్టుకుని ఆగాడు. ఎవరూ అందుకోలేదు. మొలలో చెయ్యి పెట్టి ఆగాడు. ఎక్కడో ఒక మూల సన్నగా నవ్వు మొదలైంది.

అప్పుడు ఖాకీ నిక్కరు తొడుక్కున్న బక్కపలచని మనిషి ఒకడు ఆ ఖాళీ కుర్చీ దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

“మీ దుంప తెగండి. మీ చేతులిరగండి.”

జనం ఘొల్లున నవ్వారు. అతడు బెదరలేదు. కళ్ళు తుడుచుకుంటూ, మర్యాద తప్పకుండా, ఆట ముగిసేదాకా తిడుతూనే ఉన్నాడు. జాలిపడ్డారో ఏమో, కాసేపటికి జనమూ గొంతు కలిపారు. బంగార్రాజు ఆ రోజు ఎన్నడూ పడనంత అందంగా పడ్డాడు.

ఆట అయ్యాక చెమటకు తడిసిన ముసుగు చేతబట్టుకుని అతణ్ణి వెతుక్కుంటూ గేటు దగ్గరకు వెళ్ళాడు. ముసలమ్మ ఏదని అడిగాడు.

“శ్యామలాంబ గారు ఇవాళ పొద్దున పోయారండి. నేను ఆవిడ రిక్షా తొక్కే గంగయ్యనండి. నిన్న రాత్రి మంచం మీంచి పిలిచి, నేను లేవలేనురా, వెళ్ళి నా బదులు తిట్టిరా అన్నారండి. తిట్టు పడని రోజు ఆ బాబుకి అన్నం దిగదంట.”

“ఇది ఆటేనని ఆవిడకి తెలుసా బాబాయ్?” అన్నాడు బంగార్రాజు.

“ఆయ్, తెలుసండి. ఆవిడ పెనిమిటీ గోదాలో ఓడిపోయే మనిషేనంట. పెళ్ళైన కొత్తలో చూడలేక ఏడుస్తుంటే, ఏడవకే, గట్టిగా తిట్టు, మనకి కూడు పెట్టేది అదే అని ఆయనే నేర్పారంటండి.”

గంగయ్య రిక్షా మీద చెయ్యి ఆన్చాడు.

“నేనెప్పుడూ గేటు బయట ఉండేవాణ్ణి కదండీ. లోపల ఎవర్ని తిట్టాలమ్మా అనడిగాను. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని సైగ చేశారు. నాకు తెలీలేదండి. ఆ పేరు నా నోట అనకూడదురా, మొగుడి పేరు అన్నారు. చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఆనక పైకే అనేశారండి.”

“ఏమని?”

“వీరభద్రం.”